వంతు తెలిసిన ఇల్లు: ఇద్దరు చిన్న అన్నదమ్ములను పెంచే తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

హనుమకొండలో మేముండేది రెండు గదులు, వంటిల్లు, ముందు ఇరుకైన వరండా ఉన్న అద్దె ఇల్లు. పెద్దవాడికి ఏడేళ్లు, రెండో తరగతి చదువుతున్నాడు. చిన్నవాడికి నాలుగేళ్లు, ఎల్‌కేజీలో చేరాడు. మా అత్తమ్మ మాతోనే ఉంటారు. పిల్లల మధ్య ఉన్న ఆ మూడేళ్ల తేడాలోనే మా ఇంటి చిక్కంతా ఉంది: ఒకే బొమ్మ ఇద్దరికీ కావాలి, ఒకే మాట మాత్రం ఇద్దరికీ అర్థం కాదు.

అన్నీ సమానంగా ఇస్తే తగువులుండవని మొదట్లో నేనూ అనుకొని రెండు బంతులు, రెండు నీలం రంగు నీళ్ల సీసాలు, ఒకే రకం కార్లు రెండు కొనుక్కొచ్చాను. తగువులు తగ్గకపోగా, రెండూ ఒకేలా ఉండడం వల్ల ఏది ఎవరిదో తేలక కొత్త తగువు పుట్టింది. పిల్లవాడు అన్న వాటా ఎంత, తన వాటా ఎంత అని కొలుచుకొని ఏడ్చేది తక్కువ. తనకు అసలు వస్తుందా రాదా అన్న బెంగతో ఏడ్చేదే ఎక్కువ అని అర్థం కావడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. మా అమ్మగారి ఊళ్లో చెరువు నిండని ఏడాదిలో, నీళ్లు పంచే మనిషి అయిన నీరటి పొలాలకు వంతులు కట్టేవాడు. నీళ్లు చాలవని గొణగని రైతు లేడు గాని, తన మడికి నీళ్లు ఏ రాత్రి ఏ జాముకు వస్తాయో తెలిసిన రైతు తూము దగ్గర పార పట్టుకొని కొట్లాటకు నిలబడేవాడు కాదు. కింద చెప్పేదంతా ఆ నీరటి పనే. సుమారు మూడేళ్ల నుంచి తొమ్మిదేళ్ల లోపు అన్నదమ్ములున్న ఇళ్లకు ఇది ఎక్కువగా పనికివస్తుంది.

మొదటి దశ: వారం రోజుల లెక్క

ఏదీ మార్చకముందు, ఒక పాత నోటుబుక్కు తీసుకొని వారం పాటు ప్రతి కొట్లాట గురించి నాలుగు సంగతులు రాయండి: అప్పుడు సమయం ఎంత, తగువు ఏ వస్తువు కోసం వచ్చింది, పిల్లలు చివరిసారి ఎప్పుడు తిన్నారు, ఆ సమయంలో పెద్దలు ఏం చేస్తున్నారు. ఎవరు మొదలుపెట్టారన్నది మాత్రం రాయవద్దు. అది రాయడం మొదలుపెడితే పుస్తకం పోలీసు స్టేషను డైరీ అయిపోతుంది. పైగా మనం వంటింట్లోంచి వచ్చేసరికి చూసేది రెండో దెబ్బనే గాని మొదటి దెబ్బను కాదు.

మా పుస్తకంలో సగానికి పైగా కొట్లాటలు బడి నుంచి వచ్చిన గంటన్నర లోపలే తేలాయి. ఆ గంటన్నరలో నేను రాత్రి వంటకు కూరగాయలు తరుగుతూ ఉంటాను, అత్తమ్మ దీపం పెట్టే పనిలో ఉంటారు, పిల్లలు మధ్యాహ్నం ఎప్పుడో తిన్న డబ్బా అన్నం మీదనే ఉంటారు. కాబట్టి మేము చేసిన మొదటి మార్పు మాటలతో కాదు, తిండితో. బూట్లు విప్పకముందే గిన్నెలో ఏదో ఒకటి సిద్ధంగా ఉండాలి: ఉడకబెట్టిన పల్లీలు, కాలాన్ని బట్టి మక్క కంకి, అరటిపండు, పొద్దున మిగిలిన సర్వపిండి ముక్క. బిస్కెట్ల పొట్లం అయితే మళ్లీ అరగంటకే ఆకలి వేస్తుంది. ఈ ఒక్క మార్పుతో, పిల్లలకు ఏ బుద్ధీ చెప్పకుండానే, సాయంత్రపు కొట్లాటలు కళ్లకు కనిపించేంతగా తగ్గాయి. మీ ఇంట్లో ఆ గడియ పొద్దున స్నానాల దగ్గర కావచ్చు, రాత్రి పడకల దగ్గర కావచ్చు. ఏ గడియో తెలియనిదే మిగిలిన దశలకు వెళ్లడం దండగ.

రెండో దశ: నాది, తనది, ఇద్దరిది

ఇంట్లోని పిల్లల వస్తువులన్నీ ఒక ఆదివారం చాప మీద కుప్ప పోయించి మూడు భాగాలు చేయించండి. పెద్దవాడివి, చిన్నవాడివి, ఇద్దరివీ. ఈ పని పిల్లలతోనే చేయించాలి, ఎందుకంటే మనం నిద్రలేని రాత్రి చేసిన పంపకాన్ని వాళ్లు ఒప్పుకోరు. సొంత వస్తువులకు ఒక్కొక్కరికి ఒక్కో పెట్టె కావాలి. పెద్దవాడి పెట్టె బీరువా మీదనో, చిన్నవాడి చెయ్యి అందని గూట్లోనో ఉండాలి. ఏడేళ్లవాడు పేర్చుకునే చిన్న చిన్న ముక్కలు, అయస్కాంతాలు, బొమ్మల్లోని గుండీ బ్యాటరీలు తమ్ముడి నోట్లోకి వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది. గుండీ బ్యాటరీ మింగినట్టు అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక్కడ ఒక నియమం పెట్టుకోవాలి, అది చాలామంది పెద్దలకు రుచించదు. సొంత పెట్టెలో ఉన్నదాన్ని తమ్ముడికి ఇవ్వనని చెప్పే హక్కు అన్నకు ఉంది. అలాగే అన్నకు ఇవ్వనని చెప్పే హక్కు తమ్ముడికీ ఉంది. “పెద్దోనివి గదా, ఇచ్చెయ్ బిడ్డా” అని మనం లాక్కొని ఇచ్చిన ప్రతిసారీ, ఏడిస్తే అన్న వస్తువు వస్తుందని చిన్నవాడు, తమ్ముడు ఉన్నంతకాలం తనకంటూ ఏదీ మిగలదని పెద్దవాడు నేర్చుకుంటారు. మా ఇంట్లో ఈ నియమం పెట్టిన మూడో వారంలో పెద్దవాడు తనంతట తానే పెట్టె తెరిచి తమ్ముడికి రెండు రంగు పెన్సిళ్లు తీసి ఇచ్చాడు. అడగకుండా ఇచ్చాడు కాబట్టి మేమూ ఆ సంగతి ఎత్తలేదు.

మూడో కుప్పలోని వస్తువులకు, అంటే సైకిలు, క్యారం బోర్డు, టీవీ రిమోటు లాంటి వాటికి, వంతు వర్తిస్తుంది.

మూడో దశ: గోడ మీది క్యాలెండరు

ఇది ఈ మార్గదర్శిలో అన్నిటికంటే ముఖ్యమైన దశ, ఖర్చు లేని దశ కూడా. మన ఇళ్లలో తిథి, నక్షత్రం, రాహుకాలం చూసుకోవడానికి పెద్ద అంకెల క్యాలెండరు ఎలాగూ వేలాడుతూ ఉంటుంది. బేసి తేదీలు పెద్దవాడివి, సరి తేదీలు చిన్నవాడివి. నాలుగేళ్లవాడికి బేసి, సరి తెలియవు కాబట్టి నెల మొదట్లోనే అన్న తేదీల చుట్టూ ఎర్ర స్కెచ్‌ పెన్నుతో, తమ్ముడి తేదీల చుట్టూ ఆకుపచ్చ పెన్నుతో సున్నాలు చుట్టించండి.

ఆ రోజు ఎవరిదైతే, ఆ రోజు తగువు వచ్చే ప్రతి చిన్న సంగతిలోనూ ముందు మాట వాళ్లదే: ముందు స్నానం, ఆర్టీసీ బస్సులో కిటికీ పక్క సీటు, మొదట చూసే కార్టూను, రాత్రి ఏ కథ చెప్పాలన్నది, నాయనమ్మ పక్కన పడుకునేది. చాక్లెటు ఎవరికి ముందు ఇవ్వాలో అని మనం ఆలోచించనక్కరలేదు. గోడ వైపు చూపిస్తే చాలు. ఇంతకాలం మన మీద వచ్చే కోపం క్యాలెండరు మీదికి పోతుంది, క్యాలెండరుకు చెవులు లేవు కాబట్టి ఎంతసేపు ఏడ్చినా అది మారదని త్వరలోనే తెలిసిపోతుంది.

ముందు మాట ఉన్న రోజునే పని కూడా ఉండాలి. నీళ్ల సీసాలు నింపడం, నాయనమ్మను భోజనానికి పిలవడం, కార్పొరేషను చెత్త ఆటో వచ్చినప్పుడు పెద్దల వెంట పొడి చెత్త సంచి పట్టుకొని గేటు దాకా రావడం, ఈ మూడూ ఆ రోజు వంతు ఉన్నవాడివే. పని లేకుండా హక్కు మాత్రమే ఇచ్చిన మొదటి నెలలో ‘ఇయ్యాల నాది’ అన్న మాటలో కొంచెం పెత్తనం వినిపించింది. సీసాలు నింపే పని తగిలించాక ఆ గొంతు తగ్గింది.

ఇందులో ఒక లోపం ఉంది, అది నాకు చిన్నవాడే చూపించాడు. ఒక నెల ఒకటో తారీఖున వాడు క్యాలెండరు ముందు నిలబడి “నిన్న గూడ అన్నదే, ఇయ్యాల గూడ అన్నదేనా?” అని ఏడ్చాడు. నిజమే. 31 రోజుల నెల అయిపోయాక 31, 1 రెండూ బేసి తేదీలే. మేము కూర్చొని లెక్క వేస్తే, మామూలు ఏడాదిలో బేసి తేదీలు 186, సరి తేదీలు 179 వచ్చాయి. అంటే అన్నకు ఏడు రోజులు ఎక్కువ. లీపు సంవత్సరంలో ఫిబ్రవరి 29 కూడా కలిసి ఎనిమిది. దాంతో 31వ తేదీలన్నీ, లీపు ఏడాదిలో ఫిబ్రవరి 29తో సహా, నాయనమ్మవి అని తీర్మానించాం. ఇప్పుడు ఇద్దరికీ సరిగ్గా 179 రోజులే. ఏడాదిలో ఏడు రోజులు నాయనమ్మ ఏ కథ చెప్పాలనుకుంటే అది వినాలి, ఆమె చూడాలనుకున్న సీరియలు చూడాలి, పని మాత్రం ఇద్దరూ చేయాలి. పెద్దవాడికి తీసివేతలు వాళ్ల టీచరు నేర్పినదాని కంటే ఈ గొడవలోనే ఎక్కువ వచ్చాయని నా అనుమానం.

తినే వస్తువును పంచడానికి వేరే పద్ధతి ఉంది: ఒకడు కోయాలి, రెండోవాడు ముందు తీసుకోవాలి. సర్వపిండి దీనికి బాగా తగిన వంట, ఎందుకంటే గిన్నెకు అద్దిన పిండి అంచుల్లో కరకరలాడుతూ, నడుమ మెత్తగా వస్తుంది. ఎవరికి ఏది ఇష్టమో తెలిసినవాడే సరిగా కోయగలడు. చిన్నవాడి చేతికి కత్తి బదులు గరిటె అంచు ఇవ్వండి.

నాలుగో దశ: కొట్లాట జరుగుతున్నప్పుడు

ఎన్ని ఏర్పాట్లు చేసినా అన్నదమ్ములు కొట్లాడుకుంటారు. అరుపులను మూడు రకాలుగా గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

మొదటిది బేరం. “నేను ఫస్ట్”, “కాదు నేను”, “నువ్వు నిన్న ఆడినవ్” అని గొంతులు పెరుగుతాయి, చేతులు మాత్రం వస్తువు మీదనే ఉంటాయి. దీనిలోకి వెళ్లకూడదు. వంటింట్లో నిలబడి చెవి మాత్రం అటు వేసి ఉంచితే, చాలాసార్లు అది దానంతట అదే ఏదో ఒక ఒప్పందానికి వస్తుంది. ఆ ఒప్పందం మన కళ్లకు అన్యాయంగా కనిపించినా, వాళ్లు ఒప్పుకున్నాక మనం సవరించకూడదు.

రెండోది ఎగతాళి, తిట్లు. ఇక్కడికి వచ్చేసరికి గదిలోకి వెళ్లి నేల మీద కూర్చోవాలి. నిలబడి మాట్లాడితే అది తీర్పులా ఉంటుంది. కూర్చొని ఇద్దరి మాటనూ ఒక్కొక్క వాక్యంలో తిరిగి చెప్పండి: “నువ్వు కట్టుకున్న ఇల్లు తమ్ముడు పడగొట్టిండని నీకు కోపం వచ్చింది. నువ్వేమో నీకు గూడ ఆ ముక్కలు కావాలంటున్నవ్. ఇప్పుడేం చేద్దాం?” ఆ తరువాత మౌనంగా ఉండడమే కష్టం. నాకు మొదట్లో పది లెక్కపెట్టేదాకా కూడా ఆగడం చేతకాలేదు. ఏడేళ్లవాడు ఏదో ఒకటి చెప్తాడు. నాలుగేళ్లవాడు అన్న చెప్పినదాన్ని కాదంటాడు. రెండోసారి చెప్పినదానికి తరచుగా ఒప్పుకుంటాడు. ఇద్దరూ ఏమీ తేల్చుకోకపోతే ఆ వస్తువు పావుగంట పాటు సజ్జ మీదికి వెళ్తుంది. సజ్జ మీద పెట్టేటప్పుడు తిట్టవద్దు, ఉపన్యాసం ఇవ్వవద్దు.

మూడోది దెబ్బలు, కొరకడం, వస్తువులు విసరడం. ఇక్కడ మాట్లాడడం లేదు, విడదీయడమే. ఇద్దరి మధ్యా మీ శరీరం ఉండాలి. “ఈ ఇంట్ల ఎవలూ ఎవల్ని కొట్టొద్దు” అన్న ఒక్క వాక్యం చాలు. ముందుగా దెబ్బ తగిలినవాడి దగ్గరికి వెళ్లండి, కొట్టినవాడి దగ్గరికి కాదు. కొట్టగానే అమ్మ తన వైపు తిరుగుతుందన్నది పిల్లవాడికి ఒక రకమైన బహుమతి, తిట్లయినా సరే. దెబ్బ తగిలినచోట చల్లటి నీళ్ల గుడ్డ పెట్టి, వాడి ఏడుపు తగ్గాక, రెండోవాడిని దగ్గరికి పిలవాలి. అప్పుడు కూడా “సారీ చెప్పు” అని బలవంతం చేయడం వల్ల లాభం లేదని నా అభిప్రాయం. మా పెద్దవాడు ఒక దశలో సారీ చెప్పి మళ్లీ కొట్టేవాడు, ముందే చెల్లింపు చేసేసినట్టు. దాని బదులు సరిచేసే పని ఇవ్వండి: పడగొట్టిన ఇల్లు మళ్లీ కట్టడంలో సాయం, చింపిన కాగితానికి టేపు, కొట్టిన తమ్ముడికి గ్లాసుతో మంచినీళ్లు.

ఆ రోజు కొట్టింది నేనైనా ఇదే వర్తిస్తుందా? వర్తిస్తుంది. ఒక సాయంత్రం కరెంటు లేని ఉక్కలో పెద్దవాడి వీపు మీద ఒక్కటి వేశాను. తరువాత నేను కూడా వాడికి మంచినీళ్లు తెచ్చి ఇవ్వాల్సి వచ్చింది. వాడు తాగి, గ్లాసు నాకే తిరిగి ఇచ్చి, ‘తమ్మునికి గూడ తే’ అన్నాడు.

నాలుక మీదికి వచ్చే కొన్ని మాటలను మాత్రం ఇంట్లోంచి తీసేయాలి. “ఎవలు మొదలువెట్టిండ్రు?” అన్నది మొదటిది, దానికి నిజమైన జవాబు ఎప్పుడూ రాదు. “అన్నను జూసి నేర్చుకో” అన్నది రెండోది. “నువ్వు పెద్దోనివి” అన్నది మూడోది. ఏడేళ్లవాడు తమ్ముడి పక్కన నిలబడితేనే పెద్దవాడు, లేకపోతే వాడూ చిన్నపిల్లవాడే.

ఐదో దశ: ఒక్కొక్కరితో ఒంటరిగా

అన్నదమ్ముల తగువులో చాలా భాగం వస్తువు గురించి కాదు, అమ్మానాన్నల సమయం గురించి. అందుకు మందు, ప్రతిరోజూ ఒక్కొక్కరితో పదిహేను నిమిషాలు, ఫోను పక్కన పెట్టి, పిల్లవాడు ఎంచుకున్న పనిలో గడపడం. చిన్నవాడు నాతో చిక్కుడుకాయలు ఒలుస్తాడు. వాడు ఒలిచిన కాయల్లో సగం పొట్టుతోనే కూరలో పడతాయి, తింటున్నాం. పెద్దవాడికి నాన్నతో లెక్కలు కావాలి అంటాడు, కాని కూర్చున్నాక క్రికెట్టు గురించే మాట్లాడతాడు.

వారానికి ఒకసారి బయటికి తీసుకెళ్లేటప్పుడు కూడా ఒక్కడినే తీసుకెళ్లండి. దీనికి చట్టం కూడా తోడు నిలుస్తుంది. రెండు చక్రాల బండి మీద నడిపేవారు కాక మరొక్కరే కూర్చోవాలి. నాలుగేళ్లు దాటిన పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. నాలుగేళ్లలోపు పిల్లలకు నడిపేవారికి కట్టి ఉంచే భద్రతా పట్టీ, సరిపోయే హెల్మెట్ ఉండాలని, బండి వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదని 2022లో నిబంధన తెచ్చారు. ముందు ఒకడిని నిలబెట్టి, నడుమ ఒకడిని ఇరికించి, వెనక అమ్మ కూర్చుని హంటర్‌ రోడ్డు మీద పోయే స్కూటర్లను రోజూ చూస్తాం. మేమూ అలా పోయినవాళ్లమే. ఇద్దరూ వెళ్లాల్సి వస్తే ఆటో.

వరంగల్‌లో ఒక పిల్లవాడితో ఒక పూట గడపడానికి చోట్లకు కొదవ లేదు, పెద్దగా ఖర్చూ లేదు. పొద్దున్నే భద్రకాళి చెరువు గట్టు మీద నడక నాలుగేళ్లవాడికి చాలు. వాడికి గుడి కంటే నీళ్ల మీది కొంగలు ముఖ్యం. ఏడేళ్లవాడిని ఖిలా వరంగల్‌కు తీసుకెళ్లి, నాలుగు దిక్కులా నిలిచిన నాలుగు తోరణాల్లో ఒకదాని నుంచి ఎదుటిదాని దాకా అడుగులు లెక్కపెట్టించవచ్చు. వేయిస్తంభాల గుడిలో మా పెద్దవాడు నున్నటి నల్లరాతి నంది ముందు చాలాసేపు నిలబడిపోయాడు; 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడిలో శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుడులు ఒకే మండపం చుట్టూ ఉన్నాయని చెప్తే, ‘ముగ్గురికి మూడు రూములా, మాకు ఇద్దరికి ఒక్కటేనా’ అని అడిగాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇంట్లో మిగిలినవాడు ఆ పూట ఏడుస్తాడు. వాడి వంతు ఏ ఆదివారమో క్యాలెండరు మీద చూపించి, వెళ్లాల్సినవాళ్లు వెళ్లిపోవాలి. ఏడుపు చూసి వెనక్కి వచ్చి ఇద్దరినీ తీసుకెళ్తే ఈ దశ మొత్తం కూలిపోతుంది.

ఆరో దశ: ఒంట్లో బాగాలేని రోజులు

ఇద్దరున్న ఇంట్లో జలుబు ఒక్కడితో ఆగదు. తువ్వాళ్లు, గ్లాసులు వేరుచేయండి, చేతులు సబ్బుతో కడిగించండి, అంతకంటే పెద్దగా చేయగలిగింది లేదు. కాని మందుల దగ్గర అన్నదమ్ములున్న ఇంటికి ప్రత్యేకమైన ప్రమాదం ఒకటి ఉంది. పారాసిటమాల్ మోతాదు పిల్లవాడి బరువును బట్టి, ఒక్కో కిలోకు ఒక పూటకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున లెక్కిస్తారు. అదే సిరప్పు 5 మిల్లీలీటర్లకు 120, 125, 250 మిల్లీగ్రాముల బలాల్లో దొరుకుతుంది. అన్నకు రాసిన 250 సీసాలోంచి, తమ్ముడికి రాసిన 125 సీసా లెక్కతో మూత నింపి పోస్తే మోతాదు రెండింతలవుతుంది. సీసా తెచ్చిన వెంటనే దాని మీద మార్కరుతో పిల్లవాడి పేరు, డాక్టరు చెప్పిన మోతాదు రాయండి. రాత్రి రెండింటికి లేచి వేసేది మనమో, నాన్నో, నాయనమ్మో ముందు తెలియదు.

విరేచనాలైతే ఓఆర్ఎస్ పెద్ద పొట్లాన్ని పూర్తిగా ఒక లీటరు మంచినీళ్లలో కలిపి 24 గంటల్లోపు వాడాలి. సగం పొట్లం ఒకడికి, సగం ఇంకొకడికి గ్లాసుల్లో అంచనాగా కలపకూడదు. ఆరు నెలలు దాటిన పిల్లలకు జింకు 20 మిల్లీగ్రాములు 14 రోజులు ఇస్తారు, విరేచనాలు ముందే ఆగినా సరే. నీరసపడి కళ్లు లోపలికి పోతున్నా, మూత్రం రాకపోయినా ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి, అవసరమైతే 108కి ఫోను చేయాలి.

టీకాల విషయంలో రెండో పిల్లవాడు పుట్టాక మొదటివాడి కార్డు బీరువా అడుగుకు వెళ్లిపోతుంది. ఐదారేళ్ల వయసులో వేయించాల్సిన డీపీటీ రెండో బూస్టరు అందుకే చాలామందికి తప్పిపోతుంది. మా పెద్దవాడికి అది ఆరు దాటే ముందు, చిన్నవాడిని చూపించడానికి వెళ్లినప్పుడు గుర్తుకొచ్చింది. చిన్నవాడికి ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకొకసారి విటమిన్ ఏ, ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న, బడిలోనో అంగన్‌వాడీలోనో వేసే నులిపురుగుల మాత్ర, ఇవన్నీ ఇద్దరి కార్డులనూ ఒకే కవరులో పెట్టుకుంటే గుర్తుంటాయి.

వేసవి సెలవుల్లో ఊరికి పంపేటప్పుడు ఒక మాట గట్టిగా చెప్పాలి. వ్యవసాయ బావి, కుంట, చెరువు, ఇంటి ముందు మూత లేని నీళ్ల గోలెం, వీటి దగ్గర చిన్నవాడిని చూసుకునే బాధ్యత అన్నకు ఎప్పుడూ అప్పగించకూడదు. “తమ్ముని చెయ్యి వట్టుకో” అని ఏడేళ్లవాడికి చెప్పి మనం మాటల్లో పడితే, జరగరానిది జరిగినప్పుడు ఒకరు కాదు, ఇద్దరు పిల్లలూ మునుగుతారు. నీళ్ల దగ్గర ప్రతి పిల్లవాడి వెంటా ఒక పెద్దమనిషి ఉండాలి.

ఏడో దశ: ఫోను, టీవీ

భారతీయ పిల్లల వైద్యుల సంఘం సూచన ప్రకారం రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలే వద్దు. రెండు నుంచి ఐదేళ్ల వారికి రోజుకు గంట మించకూడదు. ఐదు నుంచి పదేళ్ల వారికి రెండు గంటల లోపే ఉండాలి. ఇద్దరున్న ఇంట్లో ఈ లెక్క తప్పే చోటు ఒకటి ఉంది. అన్న వంతు గంట, తమ్ముడి వంతు గంట అని వేర్వేరుగా ఇస్తే, ఒకడి వంతులో రెండోవాడు పక్కన కూర్చొని చూస్తూనే ఉంటాడు. చివరికి నాలుగేళ్లవాడు రెండు గంటలు చూస్తాడు. కాబట్టి ఇంటి మొత్తానికి కలిపి చిన్నవాడి పరిమితినే పెట్టుకోండి. అరగంట ఒకడు ఎంచుకున్నది, అరగంట రెండోవాడు ఎంచుకున్నది. ఆ రోజు వంతు ఉన్నవాడు ముందు. పెద్దవాడికి ఇది నష్టమే. ఆ నష్టానికి బదులు, చిన్నవాడు పడుకున్నాక వాడికి ఇరవై నిమిషాలు క్యారం బోర్డో, కథల పుస్తకమో, నాన్నతో.

ఎనిమిదో దశ: చుట్టాలు, నాయనమ్మ, పండుగలు

ఇంటికి వచ్చినవారు కూర్చోకముందే పిల్లలకు పేర్లు పెట్టేస్తారు: “చిన్నోడు హుషారున్నడు, పెద్దోడు మెతక.” చుట్టాలను మార్చడం మన చేతిలో లేదు. వాళ్లు వెళ్లాక, పెద్దవాడు వినేలా, ఆ రోజు వాడు ధైర్యంగా చేసిన ఒక పనిని ఇంట్లోవాళ్లకు చెప్పడం మన చేతిలో ఉంది.

నాయనమ్మల దగ్గర మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే వాళ్ల మొగ్గు ప్రేమలోంచే వస్తుంది. మా అత్తమ్మ చిన్నవాడి కంచంలో నెయ్యి ఒక చుక్క ఎక్కువ వేసేవారు. “అత్తమ్మా, మీరు పెద్దోనికి గూడ మీ చేత్తోనే వెయ్యాలె, నేను వేస్తే వాడు తింటలేడు” అని అడిగాను. తప్పు పట్టకుండా పని అప్పగించాను కాబట్టి ఆమెకు నొప్పి కలగలేదు. ఇప్పుడు ఇద్దరికీ ఆమే వేస్తారు, ఇద్దరికీ ఎక్కువే.

“మగపిల్లలతోని ఇంటి పనేంది?” అన్న మాట కూడా మొదట్లో వచ్చింది. దానికి వాదన కంటే పండుగలే బాగా జవాబిచ్చాయి. బతుకమ్మకు తంగేడు, గునుగు పువ్వులు కోసుకొచ్చే పని మన ఊళ్లలో మగవాళ్లు, మగపిల్లలు చేస్తూ వచ్చినదే. వాళ్ల నాన్నతో వెళ్లి తెచ్చిన గునుగు కట్టలకు రంగు అద్దడం పెద్దవాడిది, తంగేడు రెమ్మలు ఏరడం చిన్నవాడిది. సంక్రాంతికి సకినాలు చుట్టేటప్పుడు నాయనమ్మ ఇద్దరికీ చెరో ముద్ద పిండి ఇచ్చి పాత చీర ముక్క మీద కూర్చోబెట్టారు. చిన్నవాడి సకినం వంకరగా పామైంది, పెద్దవాడిది రెండు చుట్లకే తెగింది. రెండూ నూనెలో వేసి, ఎవరిది వాళ్లకే పెట్టారు. ఆ తరువాత పొయ్యి దగ్గరికి తప్ప ఏ పనికీ మగపిల్లలన్న మాట రాలేదు.

బట్టల గురించి ఒక్క మాట: అన్నకు పొట్టివైనవి తమ్ముడు వేసుకోవడంలో తప్పు లేదు, కాని ఏడాదికి రెండు జతలైనా వాడి పేరు మీద కొత్తవి ఉండాలి, అన్న బట్టలు ఇచ్చేముందు అన్నను అడగాలి.

తొమ్మిదో దశ: పడకలు

మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు, ఆరేళ్లు దాటినవారికి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. ఇద్దరినీ ఒకేసారి పడుకోబెట్టాలని చూడడం వల్లనే రాత్రులు పాడవుతాయి. మా ఇంట్లో ఎనిమిదిన్నరకు చిన్నవాడు, తొమ్మిదింబావుకు పెద్దవాడు. మధ్యలోని ముప్పావు గంటలోనే పైన చెప్పిన క్యారం బోర్డు సమయం. తమ్ముడి కంటే ఆలస్యంగా పడుకోవడం పెద్దవాడికి దొరికే ఒకే ఒక్క పెద్దరికం, దాన్ని తీసేయవద్దు. చిన్నవాడు ఏడిస్తే, “నీకు ఏడేండ్లు వచ్చినప్పుడు నీకు గూడ తొమ్మిదింబావే” అని చెప్పి, క్యాలెండరు వెనకవైపు ఆ మాట రాసి ఉంచండి, ఎందుకంటే వాడు మరచిపోడు.

పగటి నిద్ర సాయంత్రం నాలుగు దాటితే రాత్రి ఎనిమిదిన్నర సాగదు. కథ దీపం తగ్గించాకే మొదలవ్వాలి, ఒక్కటే ఉండాలి, ఆ రోజు వంతు ఉన్నవాడు కోరినది కావాలి. చిన్నవాడి రోజున మా ఇంట్లో రెండేళ్లుగా ఒకే నక్క, ఒకే బావి కథ నడుస్తోంది. పెద్దవాడు రాబోయే మాటలు ముందే అందిస్తూ, సగంలోనే కళ్లు మూసుకుంటాడు. 31వ తేదీన నాయనమ్మ తన చిన్నప్పుడు మేడారం జాతరకు ఎడ్లబండి మీద పోయిన కథ చెప్తారు. ఆ రాత్రి ఎనిమిదిన్నర నియమం ఇద్దరికీ లేదు.